గంతల డాక్టరు

మొన్న మా తమ్ముడి మనవరాలి బిడ్డను తొట్లెలో వేశారు. ఇంటి నిండా ఆడవాళ్ళు. ఒక్కొక్కతే తొట్లె మీదికి వంగడం, గాజులు గలగలలాడించడం, పిల్ల అటు తల తిప్పగానే "చూడు చూడు, ఎట్ల చూస్తాందో కండ్లింతలు చేసుకోని!" అని మురిసిపోవడం. నేను తలుపు పక్కన, నాలాంటి వాళ్ళు కూర్చోవలసిన చోట కూర్చుని ఉన్నాను. నోరు ఊరుకోలేదు.

"అది చూపు కాదే, వినికిడి" అన్నాను.

మా మరదలు నా మీదికి తిరిగింది. "శుభమా అని బిడ్డను తొట్లెలో ఏస్తాంటే అవేం మాటలు వదినా? నీ నోట్లో ఉండేది నాలుకా, కొరివా?"

ఆ మాట నాది కాదని ఆమెకు ఎట్లా చెప్పేది? ఎన్నో ఏళ్ళ కిందట పోయిన ఒక మనిషి మాట అది. ఆయన పోయాడు గానీ మాట నా నోట్లో ఉండిపోయింది. చచ్చినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. నేను చెప్పను. ఆయన మంచివాడని ఎవరైనా నా ఎదుట అంటే నాకు ఒళ్ళు మండుతుంది. చెడ్డవాడని అంటే ఇంకా మండుతుంది.

మద్రాసు గవర్నమెంటు రోజులు. మా మార్కాపురం తాలూకా అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉండేది. ఊళ్ళో ఒక చిన్న ధర్మాసుపత్రి, దానికొక డాక్టరు, ఒక కాంపౌండరు, ఒక ఆయా. డాక్టరు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినవాడు. ఉన్న ఆయా మానుకుందని తెలిసి మా నాయన నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. నా మొగుడు పోయి ఏడాది తిరిగింది. నాకు ఇరవై ఏళ్ళు నిండీ నిండలేదు.

ఆయన నా మొహం చూడలేదు. నా చేతులు చూశాడు.

"గాజులు లేవు కదా?" అన్నాడు.

"లేవయ్యా. అల్లుడు సచ్చిపోయినాడు" అన్నాడు నాయన.

"మళ్ళీ వేసుకునే ఆలోచన ఏమైనా ఉందా?"

నాయన బిత్తరపోయాడు. "అయ్యో, మా ఇండ్లల్లో అట్లాంటివి లేవు సామీ."

"అయితే రేపటి నుంచి రమ్మను. ఇంతకు ముందు వచ్చినవాళ్ళంతా ముత్తైదువలే. ఒక్కతీ పనికి రాలేదు."

ఎదురొస్తే ఊరంతా మొహం తిప్పుకునే చేతులు ఇవి. వాటిని చూసి ముచ్చటపడి పనిలో పెట్టుకున్నవాడు లోకంలో ఆయన ఒక్కడే. దారి పొడుగునా ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చాను. నాయన మాత్రం జీతం వస్తుందని సంతోషపడ్డాడు.

పని ఏమిటో మర్నాడు తెలిసింది. మెదడుకు జ్వరం వచ్చి బతికిన పిల్లలను, ఫిట్సు వచ్చే పిల్లలను ఆయన పడమటి గదిలో కూర్చోబెట్టి చూసేవాడు. ఆ పిల్లల కళ్ళు పైకి బాగానే ఉంటాయి. ఎదురుగా చీమ పాకినా వేలు పెట్టి చూపిస్తారు. కానీ మెదడులో ఏదో దెబ్బ తిని, ఒక పక్క మొత్తం చూపు పోయి ఉంటుంది. కొందరికి రెండు పక్కలా పోయి, నడిమధ్య మాత్రం మిగులుతుంది. పెద్దవాళ్ళయితే అడిగి తెలుసుకోవచ్చు. రెండేళ్ళ దాన్ని, మూడేళ్ళ వాణ్ణి ఏమని అడుగుతాం? తమకు ఒక పక్క లేదని వాళ్ళకే తెలియదు. లోకమే అంత అనుకుంటారు.

అందుకని ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. పలకల గనుల నుంచి నల్లరాతి బిళ్ళలు తెప్పించి, పిల్లల చూపు గోడల మీదికి పోకుండా ఆ గది గోడలకు ఆనించాడు. బిడ్డను తల్లి ఒడిలో కూర్చోబెట్టి, తాను ఎదురుగా గొంతుక్కూర్చుని ఒక లక్క చిలకను ఆడించేవాడు. బిడ్డ చూపు చిలక మీద నిలవాలి. అప్పుడు నేను వెనకనుంచి, నల్లరంగు పూసిన పుల్ల చివర తెల్లటి దూది ఉండ పెట్టి, మెల్లగా పక్కనుంచి ముందుకు తేవాలి. బిడ్డ కళ్ళు దాని వైపు తిరిగితే ఆ పక్క చూపు ఉన్నట్టు. తిరక్కపోతే లేనట్టు. ఇంతే పని. దీనికి ఆయన నన్ను పెట్టిన బాధ అంతా ఇంతా కాదు.

చప్పుడు కాకూడదు. తలుపు కీలుకు రోజూ ఆముదం రాయాలి. చెప్పులు బయటే. తలకు నూనె పెట్టకూడదు, వాసనకు తిరుగుతారట. వక్క నమలకూడదు. ఊపిరి బిడ్డ మెడకు తగలకూడదు, అందుకని బిగబట్టాలి. ఒకసారి నాకు తుమ్ము వచ్చింది. "బయటికి పో. నీ మొగుడు పోయాక కూడా నీకు చప్పుడు చేసే బుద్ధి పోలేదు" అన్నాడు, వాకిట్లో పదిమంది వింటుండగా. ఆ నోరు అట్లాంటిది.

అదే నోటితో చిలకను ఆడిస్తూ మేక పిల్లలా అరిచేవాడు. పిల్లి కూత, కొంగ కూత, రైలు కూత అన్నీ వచ్చు. కోరమీసాల మనిషి, తెల్లకోటు మెడ దాకా బొత్తాములు పెట్టుకున్న మనిషి, నేల మీద గొంతుక్కూర్చుని "మే... మే..." అంటుంటే పిల్లలు కిలకిలా నవ్వేవాళ్ళు. పరీక్ష అయిపోగానే ఆ మొహం టక్కున మూతపడేది. చిలక కోసం బిడ్డ చేతులు చాపి ఏడిస్తే కోటు జేబులో వేసుకుని లేచిపోయేవాడు. ఒక్క బిడ్డకైనా ఆ చిలక ఇచ్చింది నేను చూడలేదు. "ఇస్తే రేపు దాన్ని చూడదు" అనేవాడు.

ఇక తల్లుల సంగతి. ఆయనకు తల్లులంటే పడదు. "అమ్మలంత అబద్ధాలకోరులు భూమ్మీద లేరు" అనడం ఆయనకు అలవాటు. దూది ఉండ ఎడమ పక్కనుంచి వస్తుంటే తల్లికి కనబడుతుంది కదా. నా బిడ్డ చూడాలి, నా బిడ్డ చూడాలి అని ఆమె ఒళ్ళు తనకు తెలియకుండానే అటు ఒరుగుతుంది, చెయ్యి బిగుసుకుంటుంది. బిడ్డ ఆ ఒంటిని పట్టి తల తిప్పుతుంది. చూసినట్టే ఉంటుంది. కొందరైతే తొడ మీద గిల్లేవాళ్ళు. ఇదేదో బడిలో పరీక్ష, బిడ్డ ఎట్లాగైనా గట్టెక్కాలి అన్నట్టు.

అందుకని తల్లుల కళ్ళకు గంతలు కట్టించేవాడు. గాజులకు గుడ్డ చుట్టించేవాడు. గంతలు కట్టే పని కూడా నాదే. గానుగెద్దుకు కట్టినట్టు నల్ల గుడ్డ కడుతుంటే ఆ పల్లెటూరి ఆడవాళ్ళు గడగడ వణికేవాళ్ళు. "ఏందమ్మా ఇది, నా బిడ్డను ఏం జేస్తారు?" అని నా కొంగు పట్టుకునేవాళ్ళు. మార్కాపురం డాక్టరు తల్లులకు గంతలు గట్టి బిడ్డలను మారుస్తాడని కంభం సంతలో చెప్పుకున్నారట. ఊళ్ళో ఆయనకు గంతల డాక్టరు అని పేరు పడింది. అది ఆయన చెవిన పడితే, "మంచిదే, భయముంటే కదలకుండా కూర్చుంటారు" అన్నాడు.

ఒకసారి త్రిపురాంతకం దిక్కు నుంచి ఒక గొర్లకాపరి, అతని పెళ్ళాం, నాలుగేళ్ళ ఆడపిల్లను తీసుకొచ్చారు. పిల్లకు జ్వరమొచ్చి తగ్గింది. తగ్గినప్పటి నుంచి మొండికేసిందట. ఆకులో అన్నం పెడితే కుడిపక్కది తిని ఎడమపక్కది వదిలేస్తుంది. ఎడమపక్క నుంచి ఏదన్నా అందిస్తే తీసుకోదు, గుంజకు గుద్దుకుంటుంది. మంత్రగాడు కణత మీద పెట్టిన వాతలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. వీపు మీద బెత్తం చారలు.

"ఇవెవరు వేశారు?" అన్నాడు డాక్టరు.

"నేనే దొరా" అన్నాడు కాపరి, దాచుకోకుండా. "అన్నం కాడ గూడ పొగరైతే ఎట్ల? దాని కండ్లు శానా మంచియి. గొర్రె ఉన్నిలో పల్లేరు ముల్లు ఉంటే మాకు కనపడదు, అది ఏరుతది. కండ్లు లేనిది ముల్లు ఏరుతదా? అంతా దొంగ యేషాలు."

ఆ పిల్ల బతుకు ఆ ఒక్క మాట మీద ఉంది. దొంగ వేషమని తేలితే తండ్రి చేతిలో చచ్చేట్టు ఉంది. డాక్టరు వాళ్ళను పడమటి గదికి తీసుకురమ్మన్నాడు. ఎందుకో ఆ రోజు మొదట గంతలు కట్టవద్దన్నాడు. నేను దూది ఉండ కుడిపక్క నుంచి తెచ్చాను, పిల్ల చూసింది. ఎడమపక్క నుంచి తెచ్చాను, పిల్ల తిరిగింది.

"సూసినావా దొరా? నేను జెప్పలే?" అన్నాడు కాపరి.

"ఇప్పుడు నీ పెళ్ళాం కళ్ళకు కట్టనీ" అన్నాడు డాక్టరు.

గంత కట్టాను. గాజులకు గుడ్డ చుట్టాను. ఎడమపక్క నుంచి దూది ఉండ తెచ్చాను. పిల్ల చిలకనే చూస్తూ నవ్వుతోంది. ఇంకా ముందుకు తెచ్చాను. చెవి దాటింది, వాతలు దాటింది, కంటి కొనకు వచ్చింది. ఆ పిల్లకు నేనూ లేను, దూదీ లేదు. డాక్టరు మే... మే... అంటూనే ఉన్నాడు. మళ్ళీ మళ్ళీ చేయించాడు. ముక్కుకు ఎదురుగా వచ్చినప్పుడు తప్ప తిరగలేదు. తర్వాత బలపం తీసి పలక మీద ఒక గుండ్రం గీశాడు. సగం తెల్లగా పూసి, సగం నల్లగా వదిలేశాడు. "ఇదీ మీ పిల్ల లోకం. ఎడమ సగం లేదు. మెదడులో పోయింది" అన్నాడు.

కాపరి పలకను చూసి తల అడ్డంగా ఊపాడు. "బొమ్మలు జూపితే నమ్ముతానా? ముల్లు ఏరుతదయ్యా అది!"

డాక్టరు దగ్గర ఒక జత కళ్ళద్దాలు ఉండేవి. రెండు అద్దాలకూ ఎడమ సగం నల్ల కాగితం అంటించి ఉండేది. అవి కాపరి ముక్కు మీద పెట్టి, కదలకుండా చిలకనే చూడమన్నాడు. అతడు పెద్ద మనిషి, భుజాన గొంగడి, చిలకను చూస్తూ నిలబడ్డాడు. డాక్టరు కుడిచేయి వెనక్కి తీసి అతని ఎడమ చెంప మీద ఛెళ్ళున కొట్టాడు.

అతడు తూలిపోయాడు. "ఏంది దొరా ఇది!"

"చెయ్యి వస్తుంటే కనపడలేదా?"

"లేదు సామీ."

"ఎదురుగా చిలక కనపడింది, ఇంత చెయ్యి కనపడలేదా? దొంగ వేషాలా?" అని ఇంకొకటి కొట్టాడు.

ఒళ్ళో పిల్ల ఏడుపు అందుకుంది. గంతలు కట్టుకున్న తల్లి, ఎవరు ఎవరిని కొడుతున్నారో తెలియక, "సూసిందా అమ్మా? నా బిడ్డ సూసిందా?" అని గాలిలో చేతులు తడుముతోంది. నేను ముడి విప్పబోయాను.

"విప్పకు. కళ్ళు తెరిస్తే వీళ్ళు వినరు" అన్నాడు. ఆమె వైపు వంగి చెప్పాడు. "చూడలేదు. ఇక ఎప్పటికీ చూడదు. మందు లేదు. సగం తిన్నాక ఆకును తిప్పి పెట్టు, మిగతాది తింటుంది." తర్వాత కాపరితో, "కొట్టాలనిపిస్తే ఎదురుగా నిలబడి కొట్టు. కనపడని పక్కనుంచి కొట్టకు" అన్నాడు.

అంతే. పలకను అరచేత్తో తుడిచేసి లేచిపోయాడు. ఆయన కోటు చేతి అంచు ఎప్పుడూ బలపం పొడితో తెల్లగా ఉండేది. కాపరి అద్దాలు తియ్యడం కూడా మరిచి గోడకానుకుని కూర్చుండిపోయాడు. కొన్నాళ్ళకు అతడు మళ్ళీ వచ్చి, "ఆకు తిప్పితే తింటాంది సామీ" అని చెప్పి వాకిట్లో కొత్త గొంగడి పెట్టబోయాడు. "ఎత్తుకుని పో" అని కసిరాడు డాక్టరు. "మందు లేనిదానికి ఇంత తతంగం ఎందుకయ్యా?" అని కాంపౌండరు ఒకసారి గొణిగితే, "మందు లేదు గనకే. కొట్టేవాళ్ళకైనా తెలియాలి" అన్నాడు.

ఆ మాటకు నాకు ఆయన మీద కాస్త గౌరవం కలగబోయింది. నిలవనిచ్చాడా?

ఆయన కాపురం ఆస్పత్రి వెనకే. భార్య చక్కని మనిషి, నెమ్మదస్తురాలు. ఒక్కడే కొడుకు. మార్కాపురం రాకముందే వాడికి మెదడుకు జ్వరం వచ్చి తగ్గింది. నేను ఎరిగేసరికి అయిదేళ్ళవాడు. తెల్లగా, బొద్దుగా, నోరు మూయకుండా మాట్లాడేవాడు. ఎదురుగా దగ్గరగా పెడితే బొమ్మలు చూసేవాడు. పక్కలు లేవు. ఉన్న కాస్త నడిమి చూపు కూడా తగ్గుతూ వస్తోందని డాక్టరుకు తెలుసు. నాకు తెలుసు, ఎందుకంటే వాడిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది కాంపౌండరు, దూది ఉండ పట్టుకున్నది నేను. ఆ గదిలోకి తల్లిని మాత్రం రానిచ్చేవాడు కాదు.

ఆమెకు కొడుకు చూపు మీద అనుమానమే లేదు. నేను ఇంటి పనికి వెళ్ళినప్పుడల్లా అదే కబురు. "చూశావా ఆయమ్మా, నేను గుమ్మంలో అడుగుపెడితే చాలు, వాడి మొహం ఎలా విచ్చుకుంటుందో! ఈయనకు అన్నీ అనుమానాలే. వాడు నన్ను చూస్తాడు." ఏమనను? అవునమ్మా అనేదాన్ని. రోజూ భోజనం దగ్గర ఆయనకూ ఇదే చెప్పేదట. ఆయన తలెత్తకుండా తినేవాడట.

ఒకనాడు ఆమె పెరట్లో పప్పు చెరుగుతోంది. పిల్లవాడు ఆడుకుంటూ బావి దగ్గరికి వెళ్ళాడు. గట్టు లేని చేదబావి. "చూసుకుంటాడులే" అని ఆమె ఊరుకుంది. నేను పరుగెత్తి వాడి చొక్కా పట్టుకునేసరికి ఒక కాలు గాలిలో ఉంది. వాడు నవ్వుతున్నాడు. ఆ సంగతి నేను డాక్టరుకు చెప్పాను. చెప్పకుండా ఉంటే ఇంకోసారి వాడు నీళ్ళలో ఉండేవాడు.

ఆ సాయంత్రం ఆయన భార్యను పడమటి గదికి పిలిపించాడు. పెళ్ళయ్యాక మొదటిసారి ఆయన పనిచేసే చోటికి రానిచ్చాడని ఆమె మంచి చీర కట్టుకుని వచ్చింది. పిల్లవాడు కాంపౌండరు ఒళ్ళో ఉన్నాడు. వాడికి ఏమీ చెప్పలేదు.

గుమ్మం బయటే ఆపి, "గాజులు తియ్యి" అన్నాడు గొంతు తగ్గించి.

ఆమె బెదిరిపోయింది. "అదేమిటండీ! మీరుండగా?"

"నేను చచ్చినప్పుడు ఎలాగూ తీస్తావు. ఒక్క పూట ముందు తీస్తే ఏం పోయింది?"

ఆమె కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. చేతులు వెనక్కి దాచుకుంది. నాకు ఆ మనిషిని అక్కడికక్కడే చీపురుతో కొట్టాలనిపించింది. నేను కల్పించుకుని, "గుడ్డ చుడతాలే అయ్యా, చప్పుడు గాదు" అన్నాను. చుట్టాను. ఆమె చేతులు చల్లగా ఉన్నాయి.

ఆయన లోపలికి వెళ్ళి కొడుకు ఎదుట గొంతుక్కూర్చున్నాడు. చిలక తీశాడు. మే... మే... అన్నాడు. వాడు పకపకా నవ్వాడు. ఆమె చెప్పుల్లేకుండా, ఊపిరి బిగబట్టి, కుడిపక్క నుంచి వెళ్ళి వాడి పక్కన నిలబడింది. రెండు చేతులూ చాపింది. ఇక ఎత్తుకోవడమే తరువాయి. వాడు చిలకను చూస్తున్నాడు. ఆమె ఇంకాస్త వంగింది. నవ్వింది కూడా, పాపం, నవ్వితే చూస్తాడేమోనని. వాడు చిలకను చూస్తున్నాడు. ఎడమపక్కకు వచ్చి నిలబడింది. పక్కన తల్లే లేనట్టు కూర్చున్నాడు వాడు. డాక్టరు మేక అరుపు ఆపలేదు. ఆయన గొంతు ఒక్కసారి కూడా తడబడలేదు. అదే నేను క్షమించలేనిది.

ఆమె చేతుల గుడ్డ పీకేసి గాజులు గలగలలాడించింది. వాడు ఎగిరి గంతేశాడు. "అమ్మా!"

"అది చూపు కాదు, వినికిడి" అన్నాడు ఆయన. "ఇక రోజూ అన్నం దగ్గర నాకు ఆ మాట చెప్పకు."

కొడుకును ఎత్తుకుని వెళ్ళిపోయింది. నేను ఆగలేక, "ఏందయ్యా ఇది? ఆ తల్లిని గూడ అట్ల కోసేస్తివే!" అన్నాను. ఆయన చిలకను తుడుస్తూ అన్నాడు. "వాడు చూస్తాడనుకునే తల్లి వాణ్ణి బావిలో పడేస్తుంది. గుడ్డివాడని తెలిసిన తల్లి పడెయ్యదు. నాకు కావలసింది రెండో తల్లి."

కింద పడిన గాజుల గుడ్డ ఏరుకుని బయటికి వచ్చేశాను.

ఆమె ఆయనతో మాట్లాడటం మానేసింది. కానీ వారం సంతకు గాజులవాడు మలారం మోసుకొస్తే ముంజేతి నుంచి మోచేతి దాకా ఎర్రగాజులు, పచ్చగాజులు ఎక్కించుకుంది. అప్పటి నుంచి అట్లాగే. వీధిలో నడిస్తే ఆమె కంటే ముందు చప్పుడు వచ్చేది. "డాక్టరు పెండ్లానికి సోకు ముదిరింది. తిరునాళ్ళకు బోయే ఎద్దు లాగ ఉంది" అని ఊరంతా నవ్వింది. ఆమె పట్టించుకోలేదు. పెరట్లో, వంటింట్లో, ఎక్కడున్నా చెయ్యి ఆడిస్తూనే ఉండేది. వాడు ఆ చప్పుడు పట్టుకుని ఇల్లంతా తిరిగేవాడు. బావి మీద మూత వేయించింది.

వాడికీ నాకూ ఒక ఆట ఉండేది. నాకు గొంతులు తియ్యడం వచ్చు. కాంపౌండరు దగ్గు, మా నాయన కేకలు, వాడి అమ్మ పిలుపు, అన్నీ. నేను అడుగుల చప్పుడు లేకుండా వెళ్ళి వాడి పక్కన కూర్చుని, "నాన్నా, అన్నం తిందువు రా" అని అచ్చం వాడి అమ్మలా పిలిచేదాన్ని. వాడు తడుముకుని నా ముంజెయ్యి పట్టుకునేవాడు. మోచేతి దాకా తడిమి, గాజులు లేకపోతే కిలకిలా నవ్వేవాడు. "దొంగ ఆయా, దొరికినావు!" ఎన్నిసార్లు ఆడినా వాడికి విసుగు లేదు. వాడి అమ్మ కూడా నవ్వేది. ఆ ఇంట్లో నవ్వు వినబడేది అప్పుడే.

చూపు ఎట్లా తగ్గిందో చెప్పక్కర్లేదు. డాక్టరు పరీక్ష చేస్తూనే ఉన్నాడు. గుండ్రం గీస్తూనే, తుడుస్తూనే ఉన్నాడు. ఒకనాడు గుండ్రం గీసి, లోపల తెల్లగా పూయడానికి ఏమీ లేక బలపం పక్కన పెట్టేశాడు. ఆ తర్వాత కొడుకును ఆ గదికి పిలవలేదు. మిగతా పిల్లల మీద మాత్రం ఇంకా కఠినమైపోయాడు.

ఆ ఏడు వానలు పడ్డాక చలిజ్వరం ఊరి మీద పడింది. ఆయన పల్లెలు తిరిగి క్వినైను పంచాడు, తాగనివాళ్ళ ముక్కు మూసి పోశాడు, చివరికి తానే పడిపోయాడు. జ్వరం తలకెక్కింది. చూడటానికి వెళ్ళాను. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ ఎవరినీ పోల్చలేదు. నేను ఎదురుగా నిలబడితే గోడను చూసినట్టు చూశాడు. అంతలో ఆమె గంజి పట్టుకుని లోపలికి వచ్చింది. గాజుల చప్పుడుకు ఆయన తల అటు తిరిగింది. ఆమె నా వైపు ఆశగా చూసింది. "చూశారు ఆయమ్మా, నన్ను చూశారు" అంది. ఆయన మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. తెల్లారేసరికి పోయాడు.

ఊళ్ళో ఎవరూ ఏడవలేదు. పీడ వదిలిందన్నవాళ్ళు కూడా ఉన్నారు. ఆయన చేత చెంపదెబ్బలు తిన్న కాపరి మాత్రం ఎట్లా తెలిసిందో, అంత దూరం నుంచి నడిచి వచ్చి, పాడె లేచేదాకా వాకిట్లో నిలబడి వెళ్ళాడు.

పదో రోజు కోస్తా నుంచి వాళ్ళ చుట్టాలు వచ్చారు. పెరట్లో చేసే పని పెరట్లో చేస్తున్నారు. పిల్లవాణ్ణి పట్టుకుని ముందరి అరుగు మీద కూర్చోమని నన్ను పంపారు. నాకు ఆ పని తెలుసు, నా చేతులకూ చేశారు. కానీ నాకు ఉన్నవి నాలుగు గాజులు. ఆమెకు మోచేతి దాకా. ఎంతసేపటికీ అయిపోదే! రాయి మీద పడి పగులుతున్న చప్పుడు ఇల్లు దాటి అరుగు దాకా వచ్చింది.

పిల్లవాడు చటుక్కున తల తిప్పాడు. మొహం విచ్చుకుంది. "అమ్మ వస్తాంది!" అన్నాడు. "శానా గాజులు! ఆయా, అమ్మ ఎగురుతా వస్తాంది!" వాడి చెవులు మూసి ఉండాల్సింది. నా చేతులు లేవలేదు. చప్పుడు ఆగిపోయింది. వాడు ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

చాలాసేపటికి ఆమె తెల్లచీరతో బయటికి వచ్చింది. అడుగుల చప్పుడు కూడా లేదు. వచ్చి వాడికి ఒక పక్కన కూర్చుంది. ఇంకో పక్కన నేను. వాడు మా ఇద్దరి మధ్య, తలుపు వైపు చెవి పెట్టుకుని ఉన్నాడు. ఆమె గొంతు సవరించుకుని, వాడి తల నిమిరి, "నాన్నా, అన్నం తిందువు రా" అంది.

వాడు ఆమె ముంజెయ్యి పట్టుకున్నాడు. మెల్లగా మోచేతి దాకా తడిమాడు. గాజు ముక్కలు గీసుకున్న చోట వేలికి తడి తగిలితే చొక్కాకు తుడుచుకున్నాడు. తర్వాత కిలకిలా నవ్వాడు.

"దొంగ ఆయా, దొరికినావు! ఈసారి అచ్చం అమ్మ లాగనే పిలిచినావు" అన్నాడు. ఆ చెయ్యి తోసేశాడు. "పో, పోయి మా అమ్మను పిల్చుకోని రా."